మంగళవారం నీళ్ళు

మార్చి 6

మామయ్యా,

ఫోను చేస్తే నువ్వు అన్నిటికీ "ఆఁ, ఆఁ" అంటావు, పెట్టేశాక "ఏమంది?" అని అత్తను అడుగుతావు. క్రషర్ పక్కన ముప్పై ఏళ్ళు పనిచేసిన చెవులతో పోట్లాడే ఓపిక నాకు లేదు. అందుకే కాగితం. అమ్మ బాగానే ఉంది. "అక్షరాలు పెద్దవిగా రాయి, కళ్ళజోడు మార్చుకోడు వాడు" అని పక్కనుంచి పోరుపెడుతోంది.

నన్ను పన్నుల శాఖలో గనుల విభాగానికి మార్చారు. చిన్న గది, రెండు బీరువాలు. కిటికీ తీస్తే పక్క భవనం గోడ. మొదటిరోజు నా బల్ల మీద పెట్టిన ఫైలు మన గనిదే. అట్ట మీద కంపెనీ పేరు చూడగానే ముక్కుకు ఎర్రదుమ్ము వాసన తగిలింది. ఆ పూటంతా పని సాగలేదు. నీ ల్యాబులో ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఓవెన్‌లో ఆరిన ఖనిజం పళ్ళేలు లెక్కపెట్టడం, "చెయ్యి పెట్టకు, కాలుద్ది" అని నువ్వు వెనక్కి తిరక్కుండానే అరవడం, అన్నీ గుర్తొచ్చాయి.

మంగళవారాలు కూడా. నాన్న ట్యాంకరు వేసుకొచ్చి ల్యాబు ముందున్న ఖనిజం గుట్ట మీద నీళ్ళు కొడుతుంటే కాలనీ పిల్లలందరం బట్టలతోనే ఆ జల్లులో దూకేవాళ్ళం. ఎండకు ఆ నీళ్ళలో రంగులు లేచేవి. ఇటుక ముక్కల్లా ఇంటికి వెళ్తే అమ్మ వీపు విమానం మోగించేది. అంతకంటే గొప్ప సంబరం నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. నాన్న ట్యాంకరు పక్కన నిలబడ్డ ఫొటో మీ ఇంట్లో ఉండాలి. పంపు, బల్ల మీద పెట్టుకుంటాను.

ఇంకో చిన్న సంగతి. ఖనిజంలో తేమ ఎంతని గని గేటు దగ్గర రాశారో, ఓడలోకి ఎక్కించేటప్పుడు ఎంతని రాశారో చూస్తే రెంటికీ పొంతన లేదు. గేటు దగ్గర వందకు పన్నెండు, రేవులో ఐదు. పన్ను వేసేది నీళ్ళు తీసేసిన బరువు మీదే కదా. మండుటెండల్లో కూడా మన రాయి అంత తడిగా ఉండేదా? ఆ రాయి గురించి తీరిగ్గా రాయి.

పెద్దయినా నీకు ఉడతనే అయిన
మేనకోడలు


మార్చి 19

ఉడతా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప తక్కినవాళ్ళందరం క్షేమం. మీ అత్త పక్కింటి క్షౌరం చేసే ఆయన భార్యతో పోటీపడి మెట్ల మీద వంగమొక్కలు పెంచుతోంది. నేను కాలు పెట్టడానికి మెట్టు మిగల్లేదు.

పెద్ద ఆఫీసులో పెద్ద కుర్చీ దొరికినందుకు సంతోషం. మీ నాన్న ఉంటే ఊరంతా చెప్పుకునేవాడు.

ఫొటో వెతికాను, దొరకలేదు. చెదలు తినేసి ఉంటుంది.

తేమ సంగతి అడిగావు. రిటైరై ఎనిమిదేళ్ళయింది. నిన్న ఏం తిన్నానో గుర్తులేదు, ఆ అంకెలు ఎక్కడ గుర్తుంటాయి. నా మాట వింటే ఆ ఫైలు వేరే ఎవరికైనా అప్పజెప్పు. పుట్టిపెరిగిన ఊరి మీద పెత్తనం కష్టం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

అక్కను మాత్రలు వేళకు వేసుకోమను.

మామయ్య


ఏప్రిల్ 2

మామయ్యా,

వంగమొక్కలకు నా ఓటు అత్తకే.

నువ్వు మర్చిపోయావంటే నమ్మలేకపోతున్నాను. నా పదో తరగతి మార్కులు సబ్జెక్టువారీగా ఇప్పటికీ చెప్పగలవు నువ్వు. పాత నివేదికలు తెప్పించి చూశాను. ప్రతి దాని కింద నీ సంతకం ఉంది. ఆ సంతకంలోని పెద్ద సున్నా చూసి ముందు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. పదకొండేళ్ళ పాటు, నడి మే నెలలో కూడా పన్నెండే. వానాకాలంలోనూ పన్నెండే. వానకూ ఎండకూ తేడా తెలియని రాయి ఉంటుందా?

వంద టన్నుల్లో ఐదే నీళ్ళున్నా పన్నెండని రాస్తే, తొంభై ఐదుకు పడాల్సిన పన్ను ఎనభై ఎనిమిదికే పడుతుంది. రోజూ నూట యాభై లారీల మీద, పదకొండేళ్ళ మీద అది ఎంతవుతుందో లెక్క వేసి కాగితం తిరగేసి పెట్టుకున్నాను. దానిలో పదోవంతు మన ఊరికి రావాల్సింది. అమ్మ రోజూ రెండు బకెట్లతో పంపు దగ్గర గంటన్నర నిలబడేది, గుర్తుందా?

ఓవెన్ పాడైందా? తూకంలో లోపమా? ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది. చెప్పు, చాలు. నువ్వు చెబితే నాకు సగం పని తీరిపోతుంది.

జవాబు కోసం చూసే
ఉడత


ఏప్రిల్ 11

అమ్మాయికి,

ఓవెన్ బాగానే ఉండేది. తూకం ఇంకా బాగా ఉండేది. నా చేతికి తడిరాయి ఇస్తే తడి అని రాశాను, పొడిరాయి ఇస్తే పొడి అని రాశాను. నా ల్యాబు నుంచి ఒక్క తప్పు అంకె కూడా బయటికి పోలేదు. ఎవరి మీదైనా కేసు కట్టాలనుకుంటే, పోయినవాళ్ళను తవ్వి తీయకుండా కట్టుకో.

మామయ్య


ఏప్రిల్ 20

గౌరవనీయులైన మామయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. పోయినవాళ్ళ ఊసు నేనెత్తలేదు. గుమ్మడికాయల దొంగ అనకముందే మీరు భుజాలు తడుముకున్నారు.

అడగకూడదనుకుంటూనే ఒకటి అడుగుతున్నాను. నాకు పదేళ్ళప్పుడు మీ ఇంటికి స్కూటరు వచ్చింది. కాలనీలో అదే మొదటిది. ప్రభుత్వ ల్యాబులో మీ హోదా వాళ్ళకు అప్పట్లో సైకిలు కొనడమే గగనమని ఇక్కడి పాతవాళ్ళు చెబుతున్నారు. ఆ స్కూటరు ఎక్కడి నుంచి వచ్చింది?

మీరు చెప్పకపోతే, కంపెనీ నుంచి వచ్చిందని నేను అనుకోవలసి వస్తుంది. అలా అనుకోవడం నాకు చేతకావడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఇట్లు,
మీ మేనకోడలు


మే 1

ఉడతా,

"మీరు" అన్నావు. నాలుగుసార్లు చదివాను. పదోసారి ఫెయిలైన పిల్లాడిలాగా కాగితం పట్టుకుని కూర్చుంటే మీ అత్త లాక్కుని చదివింది. "అడిగింది కదా, చెప్పు. మీ అక్క కూతురికి చెప్పుకోలేనిది ఇంకెవరికి చెబుతావు" అంది.

స్కూటరు మీ అత్త మెడలోని గొలుసు. ఆ ఏడాది వారానికి రెండుసార్లు ఆవిడను పెద్దాసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చేది. బస్సులో కూర్చోలేకపోయేది. పాత బండి, మూడో చేతిది. నీకు కొత్తదిలా కనిపించిందంటే నేను బాగా తుడిచాననే అర్థం.

ఇక రెండోది. నువ్వు మొదటి ఉత్తరంలోనే జవాబు రాసి పంపావు, నీకు తెలియకుండా. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. నీకంతా తెలిసిపోయిందనీ, నా నోటితోనే రాబట్టాలని చూస్తున్నావనీ అనుకున్నాను. అందుకే కసిరాను.

గని దగ్గర దుమ్ము వారానికి ఏడు రోజులూ లేస్తుంది. మరి నీళ్ళు మంగళవారమే ఎందుకు కొట్టేవాళ్ళు?

లారీలు తూకం వేసేది పొద్దున. అప్పుడు రాయి ఎండుగా ఉంటుంది. మంగళవారం ప్రతి లారీ నుంచి రెండు పారల రాయి తీసి ల్యాబు ముందు గుట్ట పోసేవాళ్ళు. వారమంతటికీ కలిపి తేమ పరీక్ష ఆ ఒక్కరోజే, మేము శాంపిల్ తీసేది మధ్యాహ్నం రెండింటికి. ఒంటిగంటకు ట్యాంకరు వచ్చేది. తూకం ఎండురాయిది, పరీక్ష తడిరాయిది. నేను రాసిన అంకె నా పళ్ళెంలో ఉన్న రాయికి నిజమే. లారీల్లో పోయిన రాయికి అబద్ధం.

మొదట్లో నాకూ తెలియదు, బావకూ తెలియదు. "దుమ్ము అణచడానికి" అని కంపెనీ చెప్పింది, నమ్మాం. ఒక మంగళవారం ట్యాంకరు చెడిపోయింది. ఆరోజు ఐదు వచ్చింది. మర్నాడే మేనేజరు వచ్చి, మీ ఓవెన్ పాడైనట్టుంది, ఇంకోసారి చూడండి అన్నాడు. ట్యాంకరు బాగయ్యాక మళ్ళీ పరీక్షిస్తే పన్నెండు, నివేదికలోకి అదే ఎక్కింది. అప్పుడు అర్థమైంది. పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు, బదిలీ కాగితం వచ్చింది. మీ అత్త వైద్యం సగంలో ఉంది. వాళ్ళ కాళ్ళూ వీళ్ళ కాళ్ళూ పట్టుకుని రద్దు చేయించుకున్నాను. మళ్ళీ రాయలేదు. తర్వాత నేను చేసిందల్లా సంతకమే.

బావకు నేనే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆయన నేరుగా మేనేజరు గదిలోకి పోయాడు. నేను వరండాలో నిలబడి విన్నాను, అప్పటికి చెవులు పనిచేసేవి. మేనేజరు గొంతు కూడా పెంచలేదు. "నీళ్ళు కొట్టడం నీ పని. ఎక్కడ కొట్టాలో చెప్పడం నా పని. ఇష్టం లేకపోతే బండి తాళాలు బల్ల మీద పెట్టేసి వెళ్ళు" అన్నాడు. బావ బయటికొచ్చి అరచెయ్యి తెరిచి చూపించాడు. "తాళాలు నా చేతిలోనే ఉన్నాయిరా" అన్నాడు. అంతే. ఆ మాట ఇద్దరం మళ్ళీ ఎత్తుకోలేదు.

తిలాపాపం తలా పిడికెడు. నా పిడికిలి నేను ఒప్పుకుంటాను. ఆయనది ఒప్పుకోడానికి ఆయన లేడు. అందుకే దాచాను. ఫొటోకు చెదలు పట్టలేదు. దీంతో పంపుతున్నాను.

నువ్వు ఏమన్నా పడతాను, "మీరు" మాత్రం అనకు.

మామయ్య


జూన్ 9

మామయ్యా,

నలభై రోజులు జవాబు రాయలేదు. కోపం వల్ల అనుకుని ఉంటావు. మొదటి వారం కోపమే. ఎవరి మీదో తెలియక ఆఫీసులో బీరువా తలుపుల మీద చూపించాను. ఫొటో బల్ల మీద పెట్టుకున్నాను, లోపల పెట్టాను, మళ్ళీ తీశాను.

నీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటుంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక మంగళవారం ఎప్పటిలాగే ట్యాంకరు నిచ్చెన ఎక్కబోయాను. నాన్న నన్ను రెక్క పట్టుకుని కిందికి లాగేశాడు. "ఇక్కడికి రావద్దు, ఇంకెప్పుడూ రావద్దు" అన్నాడు. పిల్లలందరినీ తరిమేశాడు. నేనేదో తప్పు చేశానని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఏం చేశానో తెలుసుకోవాలని మంచిగా ఉండి చూశాను, మొండికేసి చూశాను. ఆయన మళ్ళీ ఎక్కించుకోలేదు. ఆయన పోయేదాకా ఆ మంగళవారం మా ఇద్దరి మధ్యా అడ్డంగా ఉండిపోయింది. నా జ్ఞాపకంలో మాత్రం రంగుల జల్లునే మిగుల్చుకున్నాను, ఆ తర్వాతిది కత్తిరించేసి.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాలా వద్దా అని వారం తన్నుకులాడాను. చివరికి వినిపించాను. అమ్మ బియ్యం ఏరడం ఆపకుండానే వింది. "ఆరోజు కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, చెయ్యి కడిగేసుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే చెబుతాడు, చెబితే తాళాలిచ్చి రమ్మనాలి. అంత ధైర్యం నాకెక్కడిది, నువ్వు చదువుకుంటున్నావు" అంది. చాట పక్కకు జరిపి, "తమ్ముడు ఒక్కడే మోస్తున్నానని అనుకున్నాడా, పిచ్చోడు" అంది.

ఇప్పుడు పని మాట. కంపెనీకి నోటీసు వెళ్ళింది, కేసు పన్నుల ట్రిబ్యునల్‌కు చేరింది. ఖనిజం రేవుకు పోయే దారిలో ఆరిపోయిందని కంపెనీ వాదన. గేటు దగ్గర శాంపిల్‌ని తడిపారని ఏ కాగితంలోనూ లేదు. ఉన్నది నీకూ నాకూ తెలిసినదే. దుమ్ము ఏడు రోజులు, నీళ్ళు ఒక్కరోజు. అది ట్రిబ్యునల్ ముందు నిలబడి చెప్పాలి. సాక్షినైతే నేను ఫైలు చూడకూడదు. అందుకని నిన్ననే వదిలేసి పై అధికారికి రాసిచ్చాను. జనన మరణాల నమోదుకు పంపుతారట. ఆ గదికైనా మంచి కిటికీ ఉంటుందేమో.

నువ్వు వస్తావా? పింఛను ఆపినా ఆపుతారు. ముందే చెబుతున్నాను. రాకపోతే నేను ఒక్కదాన్నే చెబుతాను. నిన్ను తప్పుపట్టను.

స్కూటరు మాటకు అత్త కాళ్ళ మీద పడ్డానని చెప్పు.

ఉడత


జూన్ 18

ఉడతా,

వస్తాను.

పింఛను సంగతి మీ అత్తతో చెప్పాను. "సగం పోతే సగం కూరే వండుతాను, తక్కిన సగానికి వంకాయలున్నాయి" అంది. ఆవిడకు ప్రతిదానికీ వంకాయలే. నీ క్షమాపణ కూడా చెప్పాను. గొలుసు లేని మెడకు గాలి బాగా ఆడుతోందని రాయమంది.

ఒక్క షరతు. నేను "డ్రైవరు" అని మాత్రమే చెబుతాను. ఎవరని అడిగితే నాకు చెవుడు. నువ్వు కూడా నోరు విప్పకూడదు. ఈ ఊళ్ళో బావను ఇంకా తలుచుకునేవాళ్ళున్నారు. ఎవరి ఇంట్లో పెళ్ళయినా అడక్కుండా ట్యాంకరు మంచినీళ్ళు దింపినవాడు. చచ్చిపోయినవాడు లేచొచ్చి తన మాట తాను చెప్పుకోలేడు కదా. అక్క మీద ఒట్టు పెట్టమని అడగను. నా మాట కాదనవని అనుకుంటున్నాను.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే మంచిది. అటు వచ్చి ఎన్నేళ్ళయిందో.

మామయ్య


సెప్టెంబరు 27

మామయ్యా,

ఊరు చేరావని అత్త ఫోనులో చెప్పింది. హాల్లో జరిగిందాంట్లో నీకు సగం వినపడలేదు, తక్కిన సగం నువ్వు బయటికొచ్చాక జరిగింది. అందుకని వరసగా రాస్తున్నాను.

కంపెనీ లాయరు నిన్ను అడిగిన ప్రశ్నలు నేను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఇస్తానంటే ఒప్పుకోలేదు. సాక్షి ఇంకో సాక్షికి అందించకూడదట. కోర్టు గుమాస్తా రాసిచ్చాడు. ఆయన దస్తూరీ చూసి నువ్వు "ఇది ఏ భాష?" అనడం, అందరూ నవ్వడం నీకు తెలుసు. ఆ నవ్వుతో లాయరు మొహం మాడిపోయిందని నీకు తెలియదు. ఆయన గొంతు పెంచి అడిగింది ఇది: "తప్పని తెలిశాక కూడా అన్నేళ్ళూ సంతకం పెట్టారా?" గుమాస్తా రాసేలోగానే నువ్వు ఆయన పెదాలు చూసి "పెట్టాను" అన్నావు. ట్రిబ్యునల్ అధ్యక్షురాలు కలం కింద పెట్టి నీ వైపు చూసింది. ఆ చూపులో ఏముందో నేను చెప్పలేను, మాడ్చేసేది మాత్రం కాదు.

ఆ తర్వాత "డ్రైవరు ఎవరు?" అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ నీకు వినపడలేదు. గుమాస్తా రాసిస్తే కళ్ళజోడు తుడుచుకున్నావు. వయసు మీదపడింది, కూర్చోబెట్టండి అని పంపేశారు.

నా వంతు వచ్చింది. అదే ప్రశ్న. నువ్వు వరండాలో బెంచీ మీద కూర్చుని గోడకున్న గడియారం చూస్తున్నావు, తలుపు సందులోంచి కనిపిస్తున్నావు. డ్రైవరు ఎవరో నాకు తెలియదంటే, లేని డ్రైవరును మేం కల్పించామంటాడు లాయరు. ఆ మాట కళ్ళలో పెట్టుకుని ఉన్నాడు.

"మా నాన్న" అన్నాను.

మీ నాన్న మోసం చేశాడని చెప్పడానికి వచ్చారా అన్నాడు లాయరు. మా నాన్న ఏం చేశాడో చెప్పడానికి వచ్చానన్నాను. మేనేజరు గది, తాళాలు, నన్ను రెక్క పట్టుకుని లాగిన మంగళవారం, అన్నీ చెప్పాను. తెలియకముందు పిల్లలను ఎక్కించుకున్నాడు, తెలిశాక దగ్గరికి రానివ్వలేదు. నీళ్ళ మీద ఆయనకు పెత్తనం లేదు. మా మీద ఉంది, అంతమేరకు చేశాడు.

బెంచీ దగ్గరికొచ్చాక నువ్వు నా మొహం చూసి "చెప్పేశావా" అన్నావు. తలూపాను. నువ్వు ఏమీ అనలేదు, బస్సెక్కేదాకా. నీ మాట కాదన్నందుకు ఇప్పుడైనా తిట్టు. తిట్టకపోతే నాకు ఆఫీసులో పని సాగదు. అన్నట్టు కొత్త గదికి కిటికీ ఉంది, అవతల బస్టాండు.

అమ్మ నీకు స్వెట్టరు అల్లుతోంది. చేతులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి వచ్చేలా ఉంది. వేసుకో.

నీ మాట జవదాటిన
ఉడత


ఫిబ్రవరి 21

ఉడతా,

తిట్టడానికి ఇన్ని నెలలు తీసుకున్నాను, అయినా తిట్టు కుదరలేదు. బస్సులో నాకు కోపం లేదు.

తీర్పు నకలు అందింది. క్షౌరశాలలో చదివించుకున్నాం, కుర్చీలు చాలక జనం మెట్ల మీద నిలబడ్డారు. పదకొండేళ్ళలో ఐదేళ్ళకు గడువు దాటిపోయిందట, ఆరేళ్ళ పన్నే కట్టాలట. కంపెనీ పై కోర్టుకు పోయింది, అది నీకూ తెలుసు. ఊరి వాటా ఎప్పుడు చేతికొస్తుందో, కొళాయిలకు పెడతారో, ఊరి కమిటీ ఆఫీసుకు రంగులు వేస్తారో చూడాలి. ఇప్పటికే రెండు జట్లయి కొట్టుకుంటున్నారు. ఈసారి ఏ లెక్క కాగితమైనా బయట గోడకు అంటించాలని ఆడవాళ్ళు పట్టుబట్టారు. అంటించారు కూడా.

నా పింఛనులో నాలుగోవంతు కోశారు. మీ అత్త వంగతోట మెట్లు దాటి మేడెక్కింది.

బావ విషయం నీకు చెప్పాలి. తీర్పులో ఆయన పేరు చదివినప్పుడు నేను తల వంచుకున్నాను. క్షౌరం చేసే ఆయన కత్తెర ఆపి, "నన్ను కూడా ఆరోజు తరిమేశాడు, నాకు పన్నెండేళ్ళు. ఇన్నాళ్ళూ ఆయనకు పొగరనుకున్నాను" అన్నాడు. ఇంకెవరూ ఏమీ అనలేదు. మంచీ అనలేదు, చెడూ అనలేదు. నాకు అదే చాలనిపించింది.

అసలు సంగతి. కొత్త నియమం వచ్చింది. లారీ తూకం మీద ఉండగానే శాంపిల్ తీయాలి, ఊరి తరఫున ఒకరు దగ్గరుండి సంతకం పెట్టాలి. అందుకు ఊరు నలుగురిని ఎన్నుకుంది. వాళ్ళకు పని నేర్పమని నన్ను అడిగారు. నేనా, అన్నాను. తప్పు ఎలా జరిగిందో తెలిసినవాడు ఇంకెవరున్నారు అన్నారు. అది పొగడ్తో తెగడ్తో తెలియలేదు, వెళ్ళాను.

నలుగురిలో ఒకావిడ పాతికేళ్ళు బస్సు కండక్టరుగా చేసింది. చిల్లర విషయంలో దేవుడినైనా నమ్మని మనిషి. మొన్న పళ్ళెంలో రాయి పోసి, తూచి, అంకె రాసుకుని, ఓవెన్‌లో పెట్టబోతూ ఆగింది. నా చెవి దగ్గరికొచ్చి గట్టిగానే అడిగింది, ముగ్గురూ వినేలా: "తెలిసీ ఎందుకు సంతకం పెట్టారండి?"

పదేళ్ళ కిందట ఎవరైనా అడిగి ఉంటే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఈసారి స్టూలు లాక్కుని కూర్చుని చెప్పాను. పై ఆఫీసుకు రాసిన ఉత్తరం, బదిలీ కాగితం, ఆసుపత్రి, బావ అరచేతిలో తాళాలు, ఆ తర్వాత ఏమీ చేయకపోవడం. నా సంతకం నాకు ఎంత తేలిగ్గా అలవాటైపోయిందో కూడా చెప్పాను. అది ట్రిబ్యునల్‌లో చెప్పలేదు.

ఆవిడ అంతా విన్నది. పళ్ళెం లోపల పెట్టి, తలుపు బిగించి, నా వైపు తిరిగింది.

"ఎన్ని గంటలుంచాలి?" అంది.

చెప్పాను.

మామయ్య